నీటి వాలు వెంట అంగ్‌కోర్

కంబోడియా వాయవ్య భాగంలో, సియెం రీప్ పట్టణానికి ఉత్తరాన, సుమారు 400 చదరపు కిలోమీటర్ల మేర పరచుకొని ఉన్న అంగ్‌కోర్ క్షేత్రానికి వెళ్ళే యాత్రికుల్లో ఎక్కువమంది రెండు మూడు రోజుల్లో పది పదిహేను ఆలయాలు చుట్టి, గోపురాలనూ అప్సరసలనూ రాళ్ళను కౌగిలించుకున్న చెట్టు వేళ్ళనూ కళ్ళలో నింపుకొని తిరిగివస్తారు. ఆ దర్శనం వ్యర్థమని అనడానికి లేదు గాని, అలా చూసినవారికి గుడులు కనిపించినంతగా ఊరు కనిపించదు. అంగ్‌కోర్ అన్న మాటే సంస్కృతంలోని ‘నగర’ శబ్దం నుంచి ఖ్మేర్ భాషలో ఏర్పడిన రూపం. తొమ్మిదో శతాబ్ది నుంచి పదిహేనో శతాబ్ది వరకు ఖ్మేర్ రాజులకు రాజధానిగా నిలిచి, లక్షల మందిని పోషించిన ఆ నగరం బతికినదీ ఎదిగినదీ చివరకు చితికినదీ నీటి మూలంగానే. కాబట్టి ఆలయాల జాబితాను పక్కనబెట్టి, నీరు కొండ మీద ఎక్కడ పుట్టి, మైదానంలో ఎక్కడ నిలిచి, సరస్సులో ఎక్కడ కలుస్తుందో ఆ వాలు వెంటే దిగుతూ చూడడం అంగ్‌కోర్‌ను అర్థం చేసుకోవడానికి అన్నిటికన్నా మంచి దారి.

ఈశాన్యాన 500 మీటర్లకు మించని ఎత్తుతో నోమ్ కులేన్ కొండలున్నాయి (ఖ్మేర్‌లో ‘నోమ్’ అంటే కొండ). నైరుతిన ఆగ్నేయాసియాలోనే అతి పెద్ద మంచినీటి సరస్సు అయిన తోన్లే సాప్ ఉంది. ఈ రెండింటి నడుమ కంటికి ఆనని వాలుతో సాగే మైదానంలో నగరం వెలసింది. మే నుంచి అక్టోబరు వరకు కుండపోతగా కురిసే వాన డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా దాదాపుగా ముఖం చాటేస్తుంది. అంటే ఏటా ఆరు నెలలు ముంపునూ, ఆరు నెలలు కరువునూ తట్టుకోవాలి. ఈ ఇబ్బంది తెలుగు నేల మీద రైతుకు కొత్తది కాదు. అయితే తెలుగునాట చెరువుకు రెండు గుట్టల మధ్య పల్లంలో ఒక కట్ట వేస్తే చాలు, మిగిలిన మూడు వైపులా నేలే గట్టుగా నిలుస్తుంది. గుట్టలు లేని మైదానంలో ఖ్మేర్ ఇంజనీర్లు నాలుగు వైపులా మట్టికట్టలు పోసి, దీర్ఘచతురస్రాకారంలో నేలమట్టానికి పైన నీటిని నిలిపారు. ఇటువంటి జలాశయాన్ని ఖ్మేర్ భాషలో బరాయ్ అంటారు. బరాయ్‌ను తవ్విన చెరువుగా ఊహించుకొని వెళ్ళినవారు దాని కట్ట ఎక్కేవరకు అక్కడ నీరున్న సంగతే గుర్తించలేరు.

నీటి ప్రయాణం కులేన్ కొండల్లో మొదలవుతుంది, ఖ్మేర్ రాజ్యచరిత్ర కూడా అక్కడే మొదలవుతుంది. 802లో రెండో జయవర్మ ఆ కొండ మీద, అప్పట్లో మహేంద్రపర్వతమని పిలిచే చోట, తనను చక్రవర్తిగా ప్రకటించుకున్నాడని తరువాతి కాలపు స్దోక్ కాక్ థోమ్ శాసనం చెబుతుంది. ఖ్మేర్ రాజుల శాసనాలు సంస్కృతంలోనూ పాత ఖ్మేర్‌లోనూ ఉన్నాయి; వాటి లిపి దక్షిణ భారతదేశపు పల్లవ లిపి నుంచి ఎదిగింది. ఈ చుట్టరికానికి ఆనవాలు కోసం మ్యూజియం దాకా పోనక్కరలేదు. కంబోడియా ద్రవ్యమైన రియెల్ ప్రతి నోటు మీదా అచ్చయిన ఖ్మేర్ అంకెలను, ముఖ్యంగా రెండునూ మూడునూ, పాత పంచాంగాల్లో తెలుగు అంకెలు చదివిన అలవాటున్నవారు ఎవరి సాయమూ లేకుండా పోల్చుకోగలరు.

సియెం రీప్ నుంచి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, ఈ కొండల సముదాయంలోనే, క్బాల్ స్పియన్ అనే చోటు ఉంది. దారి చివర వాహనం దిగి, వేళ్ళూ బండలూ పరచుకున్న అడవి బాటలో కిలోమీటరున్నర పైచిలుకు ఎక్కాలి. సామాన్యంగా నడవగలిగినవారికి ముప్పావుగంట పడుతుంది. పైన మోకాటి లోతైన చిన్న ఏరు ఒకటి ఇసుకరాతి పరుపు మీదుగా పారుతుంటుంది. ఒక్క నిమిషం నిలబడి నీటిలోకి చూస్తే ఆ పరుపంతా అరచేతిలో పట్టేంత గుండ్రని ఉబ్బెత్తులతో, నేతచీరలోని గళ్ళలా వరుసదీరి కనిపిస్తుంది, అవన్నీ శివలింగాలు. కొన్నిచోట్ల వాటి చుట్టూ చతురస్రాకారపు పానవట్టం, ఆ పానవట్టానికి ప్రవాహం దిశగా చెక్కిన నోరు స్పష్టంగా ఉన్నాయి. ఒడ్డున అనంతశయనుడైన విష్ణువు, పాదాల చెంత లక్ష్మి, నాభికమలంలో బ్రహ్మ ఉన్నారు. ఏరు పొంగినప్పుడు ఆ శేషశాయి నిజంగానే నీటిలో మునుగుతాడు. పదకొండో శతాబ్దిలో చెక్కించిన ఈ లింగాలను అక్కడి శాసనం సహస్రలింగాలని పేర్కొంటుంది. గర్భగుడిలోని అభిషేకజలం బయటికి వచ్చే తూమును శిల్పశాస్త్రం సోమసూత్రమంటుంది. దాని కింద దోసిలి పట్టి తీర్థం తీసుకోవడం తెలుగు భక్తులకు అలవాటైన పని. క్బాల్ స్పియన్‌లో కొండే గర్భగుడి అయింది, ఏరే సోమసూత్రమయింది, కింద వందల చదరపు కిలోమీటర్ల వరిమడులు ఆ తీర్థం కోసం పట్టిన దోసిలి అయ్యాయి. ఈ ఏరే దిగువకు పోయి సియెం రీప్ నదిలో కలుస్తుంది.

వానలు ముమ్మరంగా ఉన్నప్పుడు లింగాల మీద బురదనీరు కమ్ముతుంది, ఏప్రిల్ నాటికి ఏరు ఇంకిపోతుంది; నీరు తేటపడిన నవంబరు, డిసెంబరు నెలలు దీన్ని చూడడానికి తగినవి. మధ్యాహ్నం మూడు గంటల తరువాత పైకి పోనివ్వరు కాబట్టి ఉదయమే బయలుదేరడం మంచిది. అంతర్యుద్ధ కాలంలో పాతిన మందుపాతరలను సందర్శక ప్రాంతాల నుంచి తొలగించినా, దేశంలో ఇంకా పూర్తిగా ఏరివేయలేదు. బాట విడిచి అడవిలోకి అడుగుపెట్టకూడదన్న హెచ్చరికను తేలిగ్గా తీసుకోరాదు.

కొండ దిగి వచ్చే దారిలోనే బాంతియే స్రెయ్ ఉంది. రాజు కాక, యజ్ఞవరాహుడనే రాజగురువు కట్టించిన ఈ చిన్న శివాలయానికి 967లో ప్రతిష్ఠ జరిగింది. ప్రధాన గోపురం పది మీటర్ల ఎత్తయినా లేదు. గులాబీ రంగు ఇసుకరాతిపై చందనపుచెక్క మీద పనిచేసినంత సున్నితంగా సాగిన చెక్కడం గురించి అందరూ చెబుతారు గనుక, ఇక్కడ ఒక్క ఫలకాన్ని మాత్రం ప్రస్తావించడం చాలు. ఉత్తరపు గ్రంథాలయమని పిలిచే మందిరం తూర్పు నొసటిపలకపై ఐరావతం మీద ఇంద్రుడు వాన కురిపిస్తుంటాడు, ఖాండవ దహన ఘట్టంగా పండితులు గుర్తించిన ఆ దృశ్యంలో వాన రాతి మీద ఏటవాలు సన్నగీతలుగా, ఒక గీతకూ మరొక గీతకూ ఎడం చెడకుండా, పలక వెడల్పంతా దిగుతుంది. దాని కింద అడవి, మృగాలు, పక్షులు. వానను రాతిలో చూపాలన్న ఆలోచన, వాన కోసం ఏడాదిలో సగం ఆకాశం వైపు చూసే జనానికే వస్తుంది. తూర్పుముఖపు గుడి కాబట్టి ఉదయపు ఎండలో దీని రంగు నిండుగా ఉంటుంది.

మైదానంలోకి వచ్చాక బరాయ్‌ల చరిత్ర మొదలవుతుంది. సింహాసనమెక్కిన అయిదు రోజుల్లోగా తవ్వకం మొదలుపెడతానని మొదటి ఇంద్రవర్మ (877–889) మాట ఇచ్చినట్టు శాసనం ఉంది. ఆ మాట ప్రకారం హరిహరాలయంలో, అంటే నేటి రోలువస్ దగ్గర, దాదాపు నాలుగు కిలోమీటర్ల పొడవున ఇంద్రతటాకం ఏర్పడింది. అతని కుమారుడు యశోవర్మ దానికి రెట్టింపు పొడవుతో, ఏడున్నర కిలోమీటర్ల యశోధరతటాకాన్ని కట్టించాడు. దీన్నే నేడు తూర్పు బరాయ్ అంటున్నారు. ముందు చెరువు, తరువాత తల్లిదండ్రుల పేర గుడి, ఆ తరువాత తన పేర పర్వతాలయం అన్న వరుస ఖ్మేర్ రాజుల్లో పలువురు పాటించారు. చెరువును రాజధర్మంలో మొదటి మెట్టుగా పెట్టిన ఈ పద్ధతిని గుర్తించకపోతే ఆ గుడుల అమరిక సగమే బోధపడుతుంది.

తూర్పు బరాయ్‌లో ఇప్పుడు నీరు లేదు. పర్యాటకుల ఆటోలు రోజూ దాని అడుగు మీదుగానే, వరిపొలాల మధ్య తారురోడ్డున పోతుంటాయి, లోపలి వారిలో చాలామందికి తాము చెరువుగర్భంలో ప్రయాణిస్తున్నామని తెలియదు. ఆ రోడ్డు పక్కనే తూర్పు మెబోన్ ఆలయం కనిపిస్తుంది. పదో శతాబ్ది మధ్యలో రాజేంద్రవర్మ దీన్ని బరాయ్ నడుమ దీవి మీద కట్టించాడు. నాలుగు మూలలా నిలువెత్తు రాతి ఏనుగులున్న ఈ గుడికి నాలుగు దిక్కులా మెట్లున్నాయి. ఆ మెట్లు దిగితే పొలం గట్టు వస్తుంది. అవి ఒకప్పటి పడవరేవులు. గుడి అరుగు మీది నుంచి కింది పొలం దాకా ఉన్న ఎత్తును కంటితో కొలిచి, ఆ ఎత్తులో కొంతభాగం మేర నీరు నాలుగు దిక్కులా పరచుకొని ఉందని ఊహించుకున్నప్పుడు గాని ఆ జలాశయం ఎంతటిదో మనసుకు పట్టదు. అంగ్‌కోర్‌లో జనం తక్కువగా ఆగే చోట్లలో ఇది ఒకటి; తప్పక ఆగవలసిన చోట్లలో కూడా ఇది ఒకటి.

నీటితో నిండిన బరాయ్‌ను చూడాలంటే ఉత్తరాన ఉన్న జయతటాకానికి పోవాలి. ఏడో జయవర్మ (1181 – సుమారు 1218) కట్టించి, శతాబ్దాలపాటు ఎండిపోయిన ఈ తటాకంలోకి క్షేత్ర నిర్వహణ సంస్థ అయిన అప్సర ప్రాధికార సంస్థ పాత కాలువలను బాగుచేసి మళ్ళీ నీరు మళ్ళించింది. నీళ్ళలో నిలిచిన మోడుల మధ్యగా వేసిన కొయ్యవంతెన మీద నడిచిపోతే నడిమిదీవిలో నియక్ పోన్ వస్తుంది. పెనవేసుకున్న నాగులని ఆ పేరుకు అర్థం. మధ్యలో 70 మీటర్ల చదరపు కోనేరు, దాని నాలుగు వైపులా నాలుగు చిన్న కోనేళ్ళు ఉన్నాయి. బౌద్ధ వాఙ్మయంలో హిమాలయాల్లో ఉన్నట్టు చెప్పే అనవతప్త సరోవరానికి ఇది ప్రతిరూపం. నడిమి కోనేటి నీరు తూర్పున మనిషి, ఉత్తరాన ఏనుగు, పడమట గుర్రం, దక్షిణాన సింహం ముఖాల గుండా చిన్న కోనేళ్ళలోకి జారేది. రోగులు ఆ నీటితో స్నానం చేసి స్వస్థత కోరుకునేవారు. ఏడో జయవర్మ తన రాజ్యమంతటా 102 ఆరోగ్యశాలలు నడిపినట్టు తా ప్రోమ్ శాసనం చెబుతుంది గనుక, నియక్ పోన్‌ను కేవలం శిల్పవినోదంగా చూడడం ఆ రాజుకు అన్యాయం చేయడమే అవుతుంది.

అదే రాజు 1186లో తల్లి పేర ప్రతిష్ఠించిన తా ప్రోమ్ గురించి చెట్లూ సినిమాలూ చెప్పినంతకన్నా దాని శాసనమే ఎక్కువ చెబుతుంది: ఆ ఒక్క ఆలయ నిర్వహణకు 3,140 గ్రామాలు, 79,365 మంది జనం కేటాయింపు, అందులో 615 మంది నర్తకులు. ఇంతమందికి అన్నం ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న మళ్ళీ నీటి దగ్గరికే తీసుకువస్తుంది. ఈ ఆలయ పరిరక్షణలో భారత పురావస్తు సర్వేక్షణ శాఖ రెండు దశాబ్దాలుగా పాలుపంచుకుంటున్నది. వేళ్ళను కోసేస్తే గోడ కూలుతుంది, వదిలేస్తే గోడను చీలుస్తాయి. ఆ రెంటి మధ్య తూకం తప్పకుండా ఒక్కొక్క రాయినీ నిలబెడుతున్న ఆ పనిని, ఫొటో కోసం వరుసలో నిలబడేటప్పుడైనా కాస్త గమనించడం ఉచితం.

తా ప్రోమ్ నుంచి అంగ్‌కోర్ థోమ్ వైపు పోయే దారిలో, విజయద్వారానికి కొంచెం ఇవతల, రోడ్డు పక్కన స్పియన్ త్మా అనే పాత రాతివంతెన ఉంది. ‘స్పియన్’ అంటే వంతెన, ‘త్మా’ అంటే రాయి. మార్గదర్శకులు చాలావరకు ఇక్కడ వాహనం ఆపరు. ఆపించుకొని దిగినవారికి వింతైన దృశ్యం ఎదురవుతుంది: వంతెన కమానులు పొడినేల మీద నిలబడి ఉంటాయి, సియెం రీప్ నది వాటి పక్కనుంచి, కొన్ని మీటర్ల లోతున కోసుకొనిపోయిన గండిలో పారుతుంటుంది. వంతెన రాళ్ళను దగ్గరగా చూస్తే కొన్నింటి మీద అలంకార శిల్పం ముక్కలు, తలకిందులుగానూ పక్కకు తిరిగీ, కనిపిస్తాయి. పాత ఆలయాల రాళ్ళను తెచ్చి కట్టిన వంతెన అది. నీటిని తిప్పడానికి మనుషులు తవ్విన కాలువ చివరికి తన దారి తానే కోసుకొని వంతెనను ఒంటరిగా వదిలేసిందని దీన్ని చూసినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ వంతెన అంగ్‌కోర్ పతనానికి ప్రత్యక్షసాక్షి. 1431లో పొరుగు అయుత్థయ రాజ్యపు సేనల దాడితో రాజధాని అంతరించిందని పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న కథకు తోడుగా, వియత్నాం అడవుల్లోని పురాతన వృక్షాల వలయాలను లెక్కించిన పరిశోధకులు 2010లో మరో ఆధారం ప్రచురించారు. చెట్టు కాండంలో ఏటా ఏర్పడే వలయం వానలున్న ఏడు వెడల్పుగానూ, కరువేడు సన్నగానూ ఉంటుంది. ఆ లెక్క ప్రకారం పద్నాలుగో శతాబ్ది మధ్యభాగంలోనూ పదిహేనో శతాబ్ది ఆరంభంలోనూ దశాబ్దాల తరబడి కరువులు, వాటి నడుమ విపరీతమైన వానలు వచ్చాయి. ఎండకు అలవాటు పడేందుకు కుదించిన కాలువలు వరద వచ్చినప్పుడు తెగాయి, తెగిన కాలువలు మరుసటి కరువుకు పనికిరాకపోయాయి. కట్ట తెగిన చెరువు కింది ఊరు ఎలా ఖాళీ అవుతుందో తెలిసిన తెలుగువారికి ఈ సంగతి సిద్ధాంతంలా కాక, తాతల నాటి మాటలా వినిపిస్తుంది.

ఏడో జయవర్మ రాజధాని అంగ్‌కోర్ థోమ్ ఒక్కొక్క వైపు మూడు కిలోమీటర్ల ప్రాకారం, దాని చుట్టూ కందకం గల చతురస్ర నగరం. ప్రతి ద్వారం ముందూ కందకం దాటించే బాటకు ఇరువైపులా 54 మంది దేవతలు, 54 మంది అసురులు నాగుణ్ణి చేతబట్టి లాగుతుంటారు. కందకాన్ని పాలకడలిగా భావించి చేసిన అమరిక అది. నగర మధ్యంలోని బయోన్ ఆలయపు ముఖగోపురాలను చూసి అందరూ తలెత్తే నడుస్తారు. కిందిస్థాయి వసారా గోడలను కూడా తీరిగ్గా చూడాలి. అక్కడ రాజులకన్నా జనమే ఎక్కువ: కోడిపందేలు, వంటపొయ్యిలు, తూకం వేసే బేరగత్తె, ప్రసవవేదనలో ఉన్న స్త్రీ, పొరుగు చాంపా రాజ్యపు సేనతో నౌకాయుద్ధం. ఆ నీటి దృశ్యాల్లో ఒకచోట చేపలు చెట్టుకొమ్మల మధ్య ఈదుతుంటాయి. తోన్లే సాప్ పొంగినప్పుడు ఒడ్డునున్న అడవి నిలువెత్తున మునిగి, చేపలు ఆ కొమ్మల్లోనే గుడ్లుపెట్టి ఎదుగుతాయి. శిల్పి తాను ఏటా చూసిన దాన్నే చెక్కాడు. 1296లో చైనా రాయబారబృందంతో వచ్చి ఇక్కడ ఏడాదికి కాస్త తక్కువకాలం గడిపిన జౌ దగువాన్ ప్రతి ఇంటికీ, లేదా రెండు మూడు ఇళ్ళకు కలిపి, ఒక కుంట ఉందని రాశాడు. 2012లో హెలికాప్టర్ నుంచి లేజర్ కిరణాలు పంపి చెట్ల కింది నేల ఎత్తుపల్లాలను కొలిచే లైడార్ పద్ధతిలో సర్వే చేసినప్పుడు, వీధులు, వాటి వెంట ఇళ్ళ దిబ్బలు, దిబ్బకొక కుంట వరుసగా బయటపడి ఆ రాత నిజమని తేల్చాయి.

ఈ వాలులో అంగ్‌కోర్ వాట్‌కు చేరేసరికి యాత్రికుడికి కందకం ముందు కనిపిస్తుంది, గోపురాలు తరువాత కనిపిస్తాయి. ఆ క్రమమే సరైనది. రెండో సూర్యవర్మ పన్నెండో శతాబ్ది పూర్వార్ధంలో విష్ణువుకు కట్టించిన ఈ ఆలయం చుట్టూ సుమారు 190 మీటర్ల వెడల్పున, అయిదు కిలోమీటర్లకు పైబడిన చుట్టుకొలతతో కందకం ఉంది. అది పురాణసముద్రానికి గుర్తు అన్నది నిజమే గాని, గుడి నిలబడడానికి కూడా అదే ఆధారం. ఇక్కడి నేల ఇసుకనేల; దాని మీద లక్షల టన్నుల రాతిభారం పడినప్పుడు భూగర్భజలం ఒకే మట్టంలో ఉన్నంతకాలం తడిసిన ఇసుక భారాన్ని సమంగా మోస్తుంది. నీటిమట్టం ఎక్కువగా హెచ్చుతగ్గులైతే ఇసుక కుంగి గోడ బీటలిస్తుంది. పర్యాటకం పెరిగి సియెం రీప్‌లో బోరుబావులు విరివిగా నీళ్ళు తోడడం మొదలైనప్పటి నుంచి నిపుణులు భయపడుతున్నది ఇందుకే. బసలో కుళాయి కట్టే ప్రతి యాత్రికుడూ ఆ గోపురాలకు తన వంతు సేవ చేసినట్టే. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి కూడా ఇసుకను నింపిన పునాది మీదే నిలిచింది, దానికీ పక్కనే పెద్ద చెరువుంది. ఏడో జయవర్మ, రుద్రుడి ప్రభువైన కాకతి గణపతిదేవుడు కొన్నేళ్ళు సమకాలికులు. ఒకరి పని ఒకరికి తెలిసి ఉంటుందనడానికి ఆధారాలు లేవు. ఒకేరకపు వానల కింద బతికిన రెండు సమాజాలు గుడినీ చెరువునూ జంటగానే ఊహించాయనడానికి మాత్రం రాళ్ళే ఆధారం.

తూర్పు ముఖంగా ఉండే ఖ్మేర్ ఆలయాలకు భిన్నంగా అంగ్‌కోర్ వాట్ పడమటి ముఖంగా ఉంది. తెల్లవారకముందే వేలమంది పడమటి కోనేటి ఒడ్డున చేరి, గోపురాల వెనుక పొడిచే సూర్యుణ్ణి చూస్తారు. మార్చి విషువత్తు రోజుల్లో సూర్యబింబం నడిమి గోపురం కొసన నిలుస్తుంది. అది అందమైన దృశ్యమే అయినా, అప్పుడు గుడి నల్లని ఛాయలా మాత్రమే ఉంటుంది, రాతి పని కనిపించదు. గోడల మీద వెలుగు పడి శిల్పం విచ్చుకునేది సాయంత్రం. జనసందోహం వద్దనుకునేవారు తూర్పున ఉన్న మట్టిబాట గుండా ఉదయం లోపలికి వస్తే దాదాపు ఏకాంతంగా నడవవచ్చు. వసారాలోని శిల్పాలను ప్రదక్షిణంగా కాక అప్రదక్షిణంగా, అంటే గర్భాలయం ఎడమచేతి వైపు ఉండేలా, చూడాలి; కథల వరుస అలాగే నడుస్తుంది. పడమటి ద్వారం నుంచి కుడికి తిరిగితే మొదట అంపశయ్య మీది భీష్ముడితో కురుక్షేత్రం, దక్షిణపు వసారాలో సూర్యవర్మ ఊరేగింపు, స్వర్గనరకాలు, ఆపైన తూర్పు వసారాలో క్షీరసాగర మథనం వస్తాయి.

సమయం ఒక్క గంటే ఉన్నవారు ఆ గంటను మథనఫలకం ముందే గడపాలని నిస్సంకోచంగా చెప్పవచ్చు. 49 మీటర్ల పొడవున సాగే ఈ అల్పోన్నత శిల్పంలో (రాతిపలక నుంచి బొమ్మ కొద్దిగా మాత్రమే పైకి లేచే పద్ధతి ఇది) ఎడమవైపు 92 మంది అసురులు, కుడివైపు 88 మంది దేవతలు వాసుకిని లాగుతుంటారు. అసురుల కళ్ళు గుడ్లు వెళ్ళుకొచ్చినట్టు గుండ్రంగా, దేవతల కళ్ళు బాదంగింజల్లా ఉంటాయి. మధ్యలో చతుర్భుజుడైన విష్ణువు, ఆయన కింద కవ్వపుగుంజను మోసే కూర్మం ఉన్నారు. కింది వరుసలో నిండుగా చేపలు, మొసళ్ళు ఈదుతుంటాయి. అంచుల దగ్గర అవి నింపాదిగా, నిండు ఒళ్ళతో ఉంటాయి. మధ్యకు వచ్చేకొద్దీ గజిబిజిగా చుట్టుకుపోయి, కవ్వం దగ్గర చిలుకుడు వేగానికి తలలూ తోకలూ తెగి ముక్కలై తేలుతుంటాయి. ఆ సుడి పైననే అప్సరసలు నురుగులా లేస్తారు. అమృతం గురించి అందరు శిల్పులూ చెక్కారు, అమృతం కోసం జలచరాలు పడిన బాధను ఇంత శ్రద్ధగా చెక్కినవారు అరుదు. తూర్పు వసారా కాబట్టి ఉదయం ఎనిమిది ప్రాంతంలో ఏటవాలు వెలుతురు దీని మీద పడుతుంది.

బాకన్ అని పిలిచే పై అంతస్తుకు ఎక్కాలంటే భుజాలూ మోకాళ్ళూ కప్పే దుస్తులుండాలి. బౌద్ధ ఉపోసథ దినాల్లో అది మూసి ఉంటుంది. అది నేటికీ పూజలందుకుంటున్న బౌద్ధక్షేత్రమన్న సంగతి మరవరాదు. ప్రవేశానికి ఫొటోతో ఇచ్చే పాస్ ధర 2017 నుంచి ఒక రోజుకు 37, మూడు రోజులకు 62, ఏడు రోజులకు 72 అమెరికన్ డాలర్లుగా ఉంది. అందులో రెండేసి డాలర్లు కాంతా బోఫా పిల్లల ఆసుపత్రులకు పోతాయి. మూడు రోజుల పాస్‌ను పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు కాబట్టి మధ్యలో ఒకరోజు విశ్రాంతి తీసుకోవడం తెలివైన పని. ఒక్కరోజులో అంగ్‌కోర్ చూడబూనడం ఆ రాళ్ళకూ ఆ కాళ్ళకూ మేలు చేయదు. భారతీయులకు వీసా అవసరం, ఈ-వీసా దొరుకుతుంది. 2023లో ప్రారంభమైన కొత్త విమానాశ్రయం పట్టణానికి దాదాపు గంట దూరంలో ఉంది. శాకాహారులు కూరల్లో చేపల ఊటగానీ, ప్రహోక్ అనే పులియబెట్టిన చేపముద్దగానీ కలుస్తుందేమోనని ముందే అడిగి తెలుసుకోవాలి. కాయగూరల వంటకంలో కూడా అవి పడడం మామూలే.

పడమటి బరాయ్‌కు ఆలయాల పాస్‌తో పనిలేదు. ఎనిమిది కిలోమీటర్ల పొడవు, రెండు కిలోమీటర్లకు పైబడిన వెడల్పు గల ఈ పదకొండో శతాబ్దపు జలాశయంలో నేటికీ నీరుంది, కింద నేటికీ ఆయకట్టు సాగవుతున్నది. దాని నడిమిదీవిలో 1936లో దొరికిన కంచు అనంతశయన విగ్రహం, తల, భుజాలు మాత్రమే మిగిలినా, ఖ్మేర్ లోహశిల్పానికి శిఖరం. బరాయ్‌లు సాగునీటి కోసమే కట్టారని ఫ్రెంచి పండితుడు గ్రోస్లియే 1970లలో వాదించగా, తూములు కనిపించడం లేదు గనుక అవి కేవలం పురాణసముద్రపు ప్రతీకలని మరికొందరు ఖండించారు. తరువాతి సర్వేల్లో నీరు వచ్చే కాలువలూ పోయే కాలువలూ విస్తారంగా బయటపడ్డాయి. పుణ్యం కోసమా, పంట కోసమా అన్న ఆ తర్కమే ఒక రకంగా అనవసరం. తటాక ప్రతిష్ఠను సప్తసంతానాల్లో చేర్చి, దాని కట్ట మీదే గుడి కట్టి, దాని తూము కిందే మాగాణి పండించిన తెలుగు సంప్రదాయంలో ఆ రెండూ ఎన్నడూ వేరు కాలేదు. ఆదివారాల్లో స్థానిక కుటుంబాలు ఈ కట్ట మీద చాపలు పరచుకొని భోజనాలు చేస్తాయి, పిల్లలు ఈత కొడతారు. వెయ్యేళ్ళ కట్టడం ఇంకా ఊరిపనికి వస్తుండడం అంగ్‌కోర్ మొత్తంలో అన్నిటికన్నా పెద్ద విశేషం.

చివరికి ఆ నీరంతా తోన్లే సాప్‌లో కలుస్తుంది. ఎండాకాలంలో మూడువేల చదరపు కిలోమీటర్లయినా ఉండని ఈ సరస్సు వానాకాలం చివరికి అయిదింతల మేర పరచుకుంటుంది. కారణం దాన్ని మెకాంగ్‌తో కలిపే నది. మెకాంగ్ పొంగినప్పుడు ఆ నది వెనుదిరిగి సరస్సులోకి పారుతుంది, మెకాంగ్ తగ్గాక మళ్ళీ దిగువకు మళ్ళుతుంది. దిశ మారే ఆ వేళకు కంబోడియా ప్రజలు పడవ పందేలతో నీటిపండుగ జరుపుతారు. అది వచ్చేది వారు కద్దెక్ అని పిలిచే కార్తిక మాసపు పున్నమికి. కాబట్టి సెలవులు ఎంచుకోగలిగిన తెలుగు యాత్రికులు కార్తిక పౌర్ణమికి అటూఇటూగా వారం రోజులు ఉండేలా ప్రయాణం పెట్టుకోవాలి. అప్పటికి వానలు వెనుకబడతాయి, కందకాలు నిండుగా ఉంటాయి, క్బాల్ స్పియన్ ఏరు తేటపడుతుంది, కాంపోంగ్ క్లియాంగ్ గ్రామంలో పది మీటర్ల గుంజల మీద కట్టిన ఇళ్ళ గుమ్మాల దాకా నీరు వచ్చి, ఇంటింటికీ పడవలోనే పోవలసి ఉంటుంది.